పదమూడు వారాల బస్సు

ఇరవై రెండు నిమిషాలంటే రోడ్డు మీద ఎంత దూరమో నాకు బాగా తెలుసు. తిరుపతి బస్టాండులో బయలుదేరిన ఆర్డినరీ బస్సు ఆ వేళకు రేణిగుంట రైల్వే గేటు దాటి ఉండాలి. గేటు పడితే దాటదు, అది వేరే సంగతి. కానీ ఇరవై రెండు నిమిషాలంటే ఎన్ని మాటలో, ఎన్ని కాగితాలో నాకు తెలియదు. ఎనభైల నడుమ ఒక వేసవి అంతా ఆ లెక్క తేల్చుకోలేక తిరిగాను.

అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. బస్టాండులో టైంకీపరుగా పనిచేసేవాణ్ణి. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, ఎంత ఆలస్యం, ఇవి రిజిస్టరులో రాయడమే నా ఉద్యోగం. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు మాత్రం పాత పుస్తకాలు కొని నాకు నేనే నేర్చుకున్నాను. డ్రైవర్ల డ్యూటీ చార్టు ఎక్కడైనా చిక్కుపడితే పైఆఫీసరు కూడా నాకే పంపేవాడు. ఎప్పుడో రెండు కథలు రాసి పత్రికలకు పంపితే అవి తిరిగొచ్చాయి. అంతకు మించి రాతతో నాకు సంబంధం లేదు.

క్యాంటీన్లో ఎవరో వదిలేసిపోయిన వారపత్రికలో ఆ ప్రకటన చూశాను. మద్రాసులో ఒక నిర్మాత టీవీకి సీరియల్ తీయబోతున్నాడు. కొత్త కథలు కావాలి. పదమూడు వారాలు, వారానికి అరగంట, వ్యాపార ప్రకటనలు పోను ఇరవై రెండు నిమిషాలు. రెండు పేజీల్లో సారాంశం పంపితే, నచ్చినవాళ్లను పిలుస్తారు. ఇంకొకరైతే అది చదివి కథ కోసం ఆలోచిస్తారు. నేను పదమూడుని ఇరవై రెండుతో హెచ్చించాను. రెండు వందల ఎనభై ఆరు నిమిషాలు. ఆ అంకె చూస్తూ టీ తాగుతుంటే, ఎదురుగా ప్లాట్‌ఫారం మీద సత్యవేడు బస్సు కదిలింది.

రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి మీదుగా ఆ బస్సు సత్యవేడు పోతుంది. దారిలో స్టేజీలు చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి పదమూడు ఏరాను. వారానికొక స్టేజీ. స్టేజీకొక ప్రయాణికుడు. ఆ వారం వాడి కథ చెప్పి, వాడి స్టేజీలో వాణ్ణి దించేయడం. ఇంతకంటే సరిగ్గా కొలిచిన కథ ఎవరూ పంపి ఉండరనిపించింది. రెండు పేజీలు రాసి పోస్టు చేశాను. ఇరవై మూడో రోజున జవాబు వచ్చింది. పదమూడు వారాలకూ విడివిడిగా రాసుకుని, ఫలానా తేదీన మద్రాసుకు వచ్చి స్వయంగా వినిపించమన్నారు. చేతిలో మూడు వారాల గడువుంది.

ఆ మూడు వారాలు నేను కుదురుగా కూర్చున్న గుర్తు లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే రాయాలనిపించేది. ఒక కాగితం నిండా ఇద్దరు మాట్లాడుకుంటే ఎంతసేపు పడుతుందో తెలియాలి కదా. అందుకని మనుషులు మాట్లాడుతుంటే గడియారం చూడటం మొదలుపెట్టాను. క్యూలో గొడవపడే ఆడవాళ్లకు రెండు నిమిషాలు. చిల్లర గురించి వాదనకు నిమిషమున్నర. నాకు కథలందించిన సత్యవేడు బస్సు కండక్టరుకైతే ఒక్కో కథకు పదకొండు నిమిషాలు, మధ్యలో ఒక బీడీ.

ఇంట్లో నా భార్య రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు చారులో పోపు వేస్తూ అడిగింది.

"ఏందయ్యా, నేను నోరు తెరిస్తే గడియారం సూస్తాండావు?"

"ఏం లేదు మే. నువ్వు చెప్పు."

"ఏం జెప్పేది? ఎంతసేపు మాట్లాడినానో చెప్పు ముందు."

"నాలుగు నిమిషాల పది సెకన్లు."

"నన్ను గూడా రిజిస్టర్లో రాసేస్తివా! లేటు ఎంతని రాసినావు?"

ఆమె నవ్వింది కానీ, తర్వాత నాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి గబగబా చెప్పేది. దాంతో నా లెక్క మళ్లీ తప్పేది.

కథలకు కొదవ లేదు. సత్యవేడు బస్సు కండక్టరు పన్నెండేళ్లుగా అదే రూటులో ఉన్నాడు. కాళహస్తిలో అద్దకం చీరల మూటలు ఎక్కించుకునే ముసలాయన దగ్గర్నుంచి, సరిహద్దు దాటి అరవ ఊర్లలో ప్రార్థనలకు పోయే టీచరమ్మ దాకా, ఎవరెక్కడ ఎక్కి ఎక్కడ దిగుతారో వాళ్ల ఇంట్లోవాళ్ల కంటే అతనికే బాగా తెలుసు. పదమూడుమందినీ అతను చెప్పినవాళ్లలో నుంచే ఎంచుకున్నాను. ఒక్క మనిషిని మాత్రం కావాలనే వదిలేశాను. ఆయన నా భార్యకు అన్న, నాకు బావ.

బావ తిరుపతిలోనే ఒక లారీ సర్వీసు ఆఫీసులో బుకింగు గుమాస్తా. ఇరవై ఏళ్ల ఉద్యోగం. ఆఫీసు మూతపడితే ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. సత్యవేడు బ్రాంచికి మార్చారని చెప్పి, బస్సుకు నెల పాసు తీసుకుని, పొద్దున తొమ్మిది నలభైకి క్యారియరు పట్టుకుని ఎక్కేవాడు. సత్యవేడులో ఆ సర్వీసుకు బ్రాంచే లేదు. బస్టాండులో బెంచీ మీద కూర్చుని అన్నం తిని, అదే బస్సులో సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. ఇంటి ఖర్చులు పోస్టాఫీసులో దాచుకున్నదానిలో నుంచి నడిపాడని తర్వాత తెలిసింది.

కండక్టరుకు మొదటి నెలలోనే అనుమానం వచ్చింది. ఒకరోజు నా కిటికీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నా, మీ బావ ఆఫీసు యాడుండాది?"

"సత్యవేడులో. ఎందుకబ్బా?"

"ఆఫీసుంటే మనిషి బస్టాండులో ఎందుకు కూసుంటాడు? ఇంకొకటి సెప్పేదా, ఆయన అన్నం తినేది సూడల్ల. పెరుగన్నం ముందు తినేసి, పులుసన్నం తర్వాత తింటాడు. నా సర్వీసులో అట్లా మనిషిని సూల్లేదు."

ఆరు నెలలు నేను ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు కాకపోతే రేపు ఆయనే ఇంట్లో చెబుతాడనుకున్నాను. నేను చెబితే ఆయన మళ్లీ నా ముఖం చూడడని భయం. రోజూ తొమ్మిది నలభైకి ఆయన ఎక్కడం చూస్తూ, చూడనట్టు రిజిస్టరులోకి తల దించుకునేవాణ్ణి.

మద్రాసులో నిర్మాత ఆఫీసు ఒక మేడ మీద. మూడు కుర్చీలు, ఒక ఫ్యాను. ఆయన పూర్వం సినిమా కంపెనీలలో పనిచేసిన మనిషి. కాళ్లు మడిచి కుర్చీలో పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. నేను చార్టు పరిచాను. పదమూడు గళ్లు, గడిలో స్టేజీ పేరు, కింద ప్రయాణికుడు, పక్కన నిమిషాలు. గంటన్నరసేపు చదివాను. గొంతు తడారిపోయింది, మంచినీళ్లు అడగడానికి మొహమాటం. ఆయన కళ్లు తెరవలేదు. నిద్రపోయాడేమోనని పదో వారంలో కొంచెం గట్టిగా చదివాను.

అయిపోయాక ఆయన అడిగిన మొదటి మాట ఇది: "బాగా కొలిచారండీ. ఒక్కటి చెప్పండి. మీ పదమూడో వారానికి బస్సులో ఎవరు మిగిలారు?"

చార్టు చూశాను. "డ్రైవరు, కండక్టరు, కడపటి స్టేజీ టీచరమ్మ."

"మొదటి వారంలో ఆ ముసలమ్మను చూసి జనం ముచ్చటపడ్డారనుకోండి. రెండో వారం ఆవిడేదీ?"

"రేణిగుంటలో దిగిపోయిందండీ."

"మరి జనం కూడా ఆవిడతోపాటు దిగిపోరూ?"

"ఎవరి స్టేజీలో వాళ్లు దిగాలి కదండీ. టికెట్టు అంతవరకే ఉంటుంది."

ఆయన పెద్దగా నవ్వాడు. "బస్సులో దిగాలి. సీరియల్లో దిగకూడదండీ! మీరు వారానికొకరు చొప్పున నా ప్రేక్షకులందరినీ దారి పొడుగునా దించేశారు. పదమూడు వారాలూ దిగనివాడు కావాలి నాకు. ఉన్నాడా మీ బస్సులో అలాంటివాడు?"

ఇన్నేళ్లలో ఎంత చిన్న తప్పయినా పక్కవాడి కంటే ముందు నేనే పట్టుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఎదురుగా గళ్లుగళ్లుగా కనిపిస్తున్న తప్పును ఆయన చూపించేదాకా చూడలేకపోయాను. చార్టు చుట్టేసి లేచి రావాల్సింది. రాలేకపోయాను. మూడు వారాలుగా నిలవని కాళ్లు అప్పుడు కుర్చీకి అతుక్కుపోయాయి.

"ఒకాయన ఉన్నాడండీ," అన్నాను. "పొద్దున ఎక్కుతాడు. ఎక్కడా పని ఉండదు. సాయంత్రం మళ్లీ తిరిగొస్తాడు."

ఆయన కాళ్లు కిందికి దించాడు. నేను చెప్పుకుంటూపోయాను. పాసు, క్యారియరు, బెంచీ, ముందుగా పెరుగన్నం. ఆ చివరి మాట దగ్గర ఆయన బల్ల మీద చరిచాడు. "అదండీ! అది రాయండి. అది ఎవడూ ఊహించి రాయలేడు." పదిరోజుల్లో కొత్తగా రాసి పంపమన్నాడు. పదో రోజు దాటితే తన దగ్గర ఇంకో కథ సిద్ధంగా ఉందని కూడా అన్నాడు. తిరుపతి బస్సు ఎక్కేవేళకు నాకు ఆకలి లేదు, నిద్ర లేదు. ఊత్తుకోట దాకా ఎంతో సంతోషంగా ఉన్నాను. దారిలో సత్యవేడు బస్టాండులో బస్సు ఆగినప్పుడు కిటికీ తలుపు దించుకున్నాను.

తర్వాతి వారం నా మనసుకు నేను ఒక లెక్క చెప్పుకున్నాను. బావను బావగా రాయకపోతే ఎవరికీ ఏ నష్టమూ లేదు. కాబట్టి ఆనవాళ్లు మార్చాలి. ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాను. ఊరు కడప. ఉద్యోగం బట్టల మిల్లులో. వయసు ఆరేళ్లు తక్కువ. నలుగురు పిల్లలకు బదులు ఒక కూతురు. కళ్లద్దాలు తీసేశాను. మీసం పెట్టాను. గొడుగు ఇచ్చాను. ఇలా పదకొండు మార్చాను. పదకొండు ఆనవాళ్లు మారిన మనిషిని ఎవడు గుర్తుపడతాడు? చొక్కా మార్చి వస్తేనే క్యూలో పక్కవాణ్ణి గుర్తుపట్టరు జనం. వారానికి మూడు కాగితాలు, మొత్తం ముప్పై తొమ్మిది. తెల్లవారుజామున లేచి కుట్టుమిషను మీద పెట్టుకుని రాశాను. చేయి నొప్పిపుట్టినా ఆపలేకపోయాను. పొద్దున బావ బస్సెక్కుతుంటే మాత్రం, ఆయనకు గొడుగు లేకపోవడం కూడా నాకు కొత్తగా తోచేది.

ఎనిమిదో రోజు ఆదివారం. కాలం సరిపోయిందో లేదో చూసుకోవాలి. మధ్యాహ్నం నా భార్య చాటలో కందిపప్పు పోసుకుని ఏరుకుంటోంది. పిల్లలు బయటికెళ్లారు.

"మే, కొంచెంసేపు వింటావా? మొదటివారం చదువుతాను. టైం చూసుకోవాల."

"సదువు. నేను మాట్లాడను, నీ లెక్క తప్పిపోతాదేమో."

గడియారం ముందు పెట్టుకుని చదివాను. మిల్లు మూతపడింది. ఆయన ఇంట్లో చెప్పలేకపోయాడు. గొడుగు, క్యారియరు పట్టుకుని కడపలో బస్సెక్కాడు. ఆమె పప్పు ఏరుతూనే ఉంది. "పాపం," అంది ఒకసారి. తొమ్మిది నిమిషాలైంది. ఏదో ఊరి బస్టాండు, బెంచీ, ఎండ. ఆయన క్యారియరు విప్పాడు. పెరుగన్నం గిన్నె ముందు తీశాడు. పులుసన్నం మూతపెట్టి పక్కన పెట్టాడు.

చాటలో గలగల ఆగిపోయింది. నేను ఇంకా రెండు వాక్యాలు చదివాను.

"ఇది మా అన్న."

"కాదు మే. ఈయన కడప ఆయన. మిల్లులో..."

"ఊరుకోయ్యా. మేం ఏడుగురం. అందరి కంటే కడాకు వాడు తినేవాడు. వాడి వంతు వచ్చేసరికి పెరుగుండేది కాదు. దొరికిన పొద్దు ముందు అదే తినేవాడు, మళ్లీ ఎవరన్నా అడుగుతారేమోనని. పెద్దోడైనా మానుకోలా. మా వొదిన ఇప్పటికీ నవ్వుతాది." చాట కింద పెట్టింది. "నిజమేనా? ఉద్యోగం లేదా వాడికి?"

అబద్ధం చెప్పడానికి నాకు టైం చాలలేదు. తల ఊపాను.

"ఎన్నాళ్లయింది?"

"ఏడు నెలలు."

"నీకు తెలిసి?"

"ఆరు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా చేతిలో కాగితాల వైపు చూసింది. "ఆరు నెలలు పక్కలో ఉండే నాకు చెప్పలా. యాడనో మద్రాసులో ముక్కూమొగం తెలీనోళ్లకు వారానికి ఇరవై రెండు నిమిషాలు చెప్పేదానికి పోతాండావు. ఎంత తీరిక దొరికిందయ్యా నీకు!"

ఇంట్లో ఎవరినీ నొప్పించకూడదనే చెప్పలేదన్నాను. టీవీలో వచ్చేది ఊరంతా చూస్తుంది కాబట్టే ఆనవాళ్లు మార్చానని, పదకొండు మార్చానని కూడా చెప్పాను. ఆమె ఆ అంకె విని నా ముఖంలోకి చూసిన చూపు ఇప్పటికీ నాకు ఇబ్బందిగానే ఉంటుంది. పప్పు డబ్బాలో పోసి మూత బిగించి లోపలికి పోయింది.

మర్నాడు నేను డ్యూటీలో ఉండగా తొమ్మిదిన్నరకు ఆమె బస్టాండులో కనిపించింది. చేతిలో ఒక గుడ్డసంచి. నా కిటికీ వైపు రాలేదు. నేరుగా సత్యవేడు బస్సెక్కి కూర్చుంది. తర్వాత బావ వచ్చాడు. మెట్టు మీద కాలు పెట్టి, లోపల చెల్లెల్ని చూసి ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు, నా కిటికీ వైపే. రిజిస్టరులోకి తల దించుకునే అలవాటు ఆ ఒక్కరోజు పనిచేయలేదు. వెనక ఉన్నవాళ్లు "ఎక్కప్పా, ఎక్కు," అని తొందరపెట్టారు. ఎక్కాడు. బస్సు పోయింది. అది ఎన్నింటికి పోయిందో నేను రాయలేదు. ఇన్నేళ్ల సర్వీసులో అదే మొదటిసారి. తర్వాత పక్క ప్లాట్‌ఫారం వాణ్ణి అడిగి రాసుకున్నాను.

ఆ పగలు ఎలా గడిచిందో చెప్పలేను. ఏర్పేడు దాటి ఉంటారు, కాళహస్తి దాటి ఉంటారు అని గంటగంటకూ లెక్కవేసుకుంటూనే ఉన్నాను. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు, మధ్యలో ఆ బెంచీ. అన్నాచెల్లెళ్లు అంతసేపు ఏం మాట్లాడుకుంటారో ఒక్క మాట కూడా ఊహకు అందలేదు. ముప్పై తొమ్మిది కాగితాలు రాసినవాణ్ణి, ఆ ఒక్క ప్రయాణం రాయమంటే రాయలేను. బస్సు ఇరవై మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఇద్దరూ దిగి, నా వైపు చూడకుండానే రిక్షా ఎక్కి బావ ఇంటికి పోయారు.

డ్యూటీ దిగి ఇంటికొచ్చి, లోపలికీ వాకిట్లోకీ తిరుగుతున్నాను. దీపాలు పెట్టే వేళకు బావ ఒక్కడే వచ్చాడు. చెప్పులు విడిచి, మంచం మీద కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"మన ఆడోళ్లు ఆడ మాట్లాడుకుంటాండారు. నన్ను బయటికి పొమ్మన్నారు," అన్నాడు. "ఏం రాసినావో తీసకరా బావా. సూస్తా."

తెచ్చి ఇచ్చాను. తిడతాడని నిలబడే ఉన్నాను. ఆయన బుకింగు రసీదులు చూసే పద్ధతిలో వేలు తడుపుకుంటూ ఒక్కో కాగితం తిప్పాడు.

"మీసం నాకా?"

"ఆనవాలు తెలీకుండా పెట్టినాను."

"బాగుండాది. ఆ కండక్టరు నేను తినేది ఎప్పుడు సూసినాడబ్బా? వాడు నిద్రపోతాడు గదా ఆ టైముకు." ఇంకో రెండు కాగితాలు తిప్పాడు. "ఈడ తప్పు. సత్యవేడులో నేను టీ అంగటికి పోను. ఆడ మనోళ్లు తెలిసినోళ్లుండారు." ఆరో వారం దగ్గర ఆగాడు. "ఈయన ఎందుకిట్ల ఏడస్తాండాడు? నేను ఏడ్సలా."

"సీరియల్లో ఏడవాల బావా."

"అట్లయితే నువ్వేడ్సు."

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయన నవ్వలేదు. చివరి కాగితం తీశాడు. "కడాకు ఏమైతాది?"

"ఉద్యోగం వస్తుంది."

"ఎవరిచ్చినారు?"

"అది ఇంకా తేలలేదు."

కాగితాలన్నీ ఒకటిగా సర్దాడు. బయట ఎవరిదో సైకిలు గంట కొట్టుకుంటూ పోయింది. "మా ఇంటిదానికి ఈ పొద్దే తెలిసింది బావా. పిల్లోళ్లకు రేపు చెప్పాల. అయిన తర్వాత మా మామకు. నేను ఒక్కొక్కరికీ చెప్పుకుంటా పోవాల. నువ్వు అందరికీ ఒకేపారి చెప్పేస్తే నేనేం చేసేది?"

పోస్టు చేయడానికి ఇంకా ఒకరోజు గడువుంది. అది నాకు ఆ క్షణంలో కూడా గుర్తుంది. మీ దగ్గర దాచుకోవడం ఎందుకు, ఆ ఒక్కరోజులో పన్నెండో ఆనవాలు కూడా మార్చవచ్చు కదా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెరుగన్నం తీసేస్తే చాలు. కానీ అది తీసేస్తే నిర్మాత బల్ల మీద చరిచిన చోటు పోతుంది. ఆ రెండూ తూచుకుంటూ నిలబడ్డ నన్ను బావ కళ్లద్దాల పైనుంచి చూస్తున్నాడు.

"పంపను," అన్నాను.

ఆయన కాగితాలు మడిచి తన సంచిలో పెట్టుకున్నాడు. లేవలేదు. "నువ్వు కార్బను పెట్టకుండా ఏదీ రాయవు. అది గూడా తీసకరా."

ట్రంకుపెట్టెలోంచి తీసి ఇచ్చాను. లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెట్టాడు. "ముప్పై ఎనిమిదే ఉండాయి."

నేను దాచానని అనుకున్నాడేమో, ఆ మాట పైకి అనలేదు. పెట్టె అంతా కింద కుమ్మరించాను. చాపలు ఎత్తాను. చివరకు కుట్టుమిషను పెడలు వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉంది, పదకొండో కాగితం. దుమ్ము దులిపి ఆయన చేతిలో పెట్టాను. వరుసలో అది ఎక్కడ రావాలో వెతికి, అక్కడ పెట్టుకుని, బావ సంచి మూతికి ముడివేశాడు.